కలబంద పాలీశాకరైడ్: మన్నోజ్ వచ్చింది, ఎసిటైల్ ఎక్కడికి పోయింది?

#1 – మూడో_ఏడాది

అందరికీ నమస్కారం. నా పీహెచ్‌డీ పని కలబంద జెల్‌లోని పాలీశాకరైడ్ (చక్కెరల పొడవాటి గొలుసు) నిర్మాణం తేల్చడం. రెండు నెలలుగా ఒకే చోట ఆగిపోయాను. టెన్షన్‌తో నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. దయచేసి పూర్తిగా చదివి చెప్పండి.

ఆకులు కోసి, పసుపు రసం కారిపోయేదాకా నిలబెట్టి, తొక్క తీసేశాను. లోపలి జెల్‌ను మిక్సీలో వేసి, గుడ్డలో వడకట్టి, సెంట్రిఫ్యూజ్ చేశాను. పైకి తేరిన నీటికి 4 రెట్లు ఇథనాల్ పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే తెల్లటి పోగులు వచ్చాయి. ఆ ముద్దను 0.5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో రెండు గంటలు కలిపాను. ప్రోటీన్, రంగు పోవడానికి మా ల్యాబ్‌లో అందరూ ఇలాగే చేస్తారు. తర్వాత న్యూట్రల్ చేసి, మూడు రోజులు డయాలసిస్ పెట్టి, ఫ్రీజ్ డ్రై చేశాను.

టీఎఫ్ఏ ఆమ్లంతో హైడ్రాలిసిస్ చేస్తే (గొలుసుని విడి చక్కెరలుగా కోస్తే) ఎక్కువ భాగం మన్నోజ్, తర్వాత గ్లూకోజ్, కొద్దిగా గెలాక్టోజ్ వచ్చాయి. మిథైలేషన్‌లో (చక్కెరలు ఏ కార్బన్ల దగ్గర ముడిపడ్డాయో చెప్పే పరీక్ష) ప్రధానంగా 1→4 మన్నోజ్. అంతవరకూ పుస్తకాల్లో ఉన్నట్టే ఉంది. కానీ కలబందలోది ఎసిటైల్ గ్రూపులున్న మన్నాన్ (మన్నోజ్ గొలుసు) అని అందరూ రాస్తారు కదా, నా ఐఆర్‌లో (ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రం) ఎసిటైల్ కనబడాల్సిన 1740 దగ్గర ఏమీ లేదు. ఎన్ఎంఆర్‌లో కూడా ఎసిటైల్ చోటైన 2 నుంచి 2.3 పీపీఎమ్ వరకు ఖాళీ. పైగా శాంపిల్ నీళ్లలో సరిగా కరగడం లేదు, పీకులన్నీ బండగా వస్తున్నాయి. హెచ్-1 (చక్కెర మొదటి కార్బన్ మీది హైడ్రోజన్) పీక్ రెండుగా చీలలేదు కాబట్టి బంధం ఆల్ఫా రకం, బీటా కాదు అని రాసుకున్నాను.

మా గైడ్ "ఇది కొత్త రకం మన్నాన్ కావచ్చు, పేపర్ రాద్దాం" అంటున్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు.

#2 – పాత_బెంచి

అమ్మా (లేదా బాబూ), పేపర్ ఆపండి. ఆ మన్నాన్ కొత్తదేమీ కాదు. దానికున్న ఎసిటైల్ గ్రూపుల్ని మీ సోడియం హైడ్రాక్సైడ్ ఊడబెరికింది, అంతే.

ఎసిటైల్ గ్రూపు చక్కెర గొలుసుకి ఎస్టర్ బంధంతో అంటుకుని ఉంటుంది. క్షారం తగిలిందంటే ఎస్టర్ విడిపోతుంది. 0.5 మోలార్‌లో రెండు గంటలు అవసరమే లేదు, అంతకంటే చాలా ముందే పని అయిపోతుంది. విడిపోయిన ఎసిటేట్ చిన్న అయాన్ కాబట్టి డయాలసిస్ నీటిలో పోయింది. మీరు కొలిచింది మిగిలిన గొలుసుని.

ఆ ప్రోటోకాల్ మీ ల్యాబ్‌కి ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఊహించగలను. చెట్ల బెరడు, గట్టి కాండం లాంటి వాటి నుంచి హెమీసెల్యులోజ్ తీసేటప్పుడు క్షారం తప్పదు, గోడలో ఇరుక్కున్న జైలాన్ బయటికి రావాలంటే అదే దారి. కలబంద జెల్ 98, 99 శాతం నీరు, అందులోని మన్నాన్ ముందే కరిగి ఉంది. దానికి క్షారంతో పనేముంది?

ఒక్క విషయం చెప్పండి. డయాలసిస్ ట్యూబ్‌లో ద్రవం మొదటి రోజు ఎలా ఉంది, మూడో రోజు ఎలా ఉంది?

#3 – మూడో_ఏడాది

సర్, మీరు అడిగాక నోట్‌బుక్ తీసి చూశాను. మొదటి సాయంత్రం తేటగా ఉంది. రెండో రోజు పొద్దున ట్యూబ్ అడుగున తెల్లటి తునకలు పేరుకున్నాయి, ట్యూబ్ తలకిందులు చేస్తే మంచులాగా మెల్లగా దిగాయి. మిగిలిన ప్రోటీన్ అనుకుని "అవక్షేపం, కొద్దిగా" అని మాత్రం రాసుకున్నాను. అన్నీ కలిపి ఫ్రీజ్ డ్రై చేశాను.

#4 – పాత_బెంచి

ఆ తునకలే మీ మన్నాన్. బీటా 1→4 బంధాలతో ఉన్న మన్నోజ్ గొలుసు తిన్నగా, రిబ్బన్‌లా ఉంటుంది. ఎసిటైల్ గ్రూపులు అక్కడక్కడా అడ్డంగా ఉన్నంతకాలం గొలుసులు ఒకదానికొకటి దగ్గరికి రాలేవు, మధ్యలో నీళ్లు ఉంటాయి. అవి పోగానే గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుంటాయి. సెల్యులోజ్ నీళ్లలో కరగకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. క్షారంలో ఉన్నంతసేపు కరిగే ఉంది, న్యూట్రల్ చేశాక డయాలసిస్‌లో మెల్లగా కూడుకుంది.

నోట్‌బుక్‌లో ఆ ఒక్క వాక్యం రాసుకున్నందుకు మెచ్చుకుంటున్నాను. చాలామంది అది కూడా రాయరు.

ఇంకో నష్టం కూడా జరిగి ఉంటుంది. క్షారంలో గొలుసు రెడ్యూసింగ్ చివర నుంచి ఒక్కో చక్కెర ఊడుతూ పోతుంది, పీలింగ్ అంటారు. అందుకే క్షారం తప్పనిసరైన చోట సోడియం బోరోహైడ్రైడ్ కలిపి ఆ చివరను ముందే మూసేస్తారు. మీరు అది కలపలేదు. కాబట్టి అణుభారం కొలిచి ఉంటే ఆ అంకె కూడా వాడకండి.

#5 – క్రాస్_పీక్

ఆల్ఫా అని రాసిన మాట గురించి చెప్పాలి, ఇది చాలామంది చేసే తప్పు.

హెచ్-1 పీక్ ఎంత చీలిందో చూసి ఆల్ఫా, బీటా చెప్పే సూత్రం గ్లూకోజ్‌కి, గెలాక్టోజ్‌కి పనికొస్తుంది. బీటా అయితే 7 నుంచి 8 హెర్ట్జ్, ఆల్ఫా అయితే 3 నుంచి 4. మన్నోజ్‌లో రెండో కార్బన్ మీద అమరిక తిరగబడి ఉంటుంది. దాంతో హెచ్-1, హెచ్-2 మధ్య కప్లింగ్ (అంటే పీక్ ఎంత చీలుతుందన్నది) ఆల్ఫాలోనూ చిన్నదే, బీటాలోనూ చిన్నదే. రెండింట్లోనూ 2 హెర్ట్జ్ లోపే ఉంటుంది, పాలిమర్ పీక్ వెడల్పులో అది కనబడదు. "చీలలేదు కాబట్టి ఆల్ఫా" అనేది మన్నోజ్ దగ్గర చెల్లదు.

మీరు చూడాల్సింది కార్బన్-1కీ దాని మీదున్న హైడ్రోజన్‌కీ మధ్య కప్లింగ్. సుమారు 170 హెర్ట్జ్ వస్తే ఆల్ఫా, 160 వస్తే బీటా. డీకప్లింగ్ ఆపేసి హెచ్ఎస్‌క్యూసీ (ఏ హైడ్రోజన్ ఏ కార్బన్ మీదుందో చూపే ఎన్ఎంఆర్) తీయమని ఆపరేటర్‌ని అడగండి, ఇస్తారు.

ఇంకో చిక్కు ఉంది. బీటా మన్నోజ్ హెచ్-1 సుమారు 4.7 దగ్గర వస్తుంది, గది ఉష్ణోగ్రతలో నీటి పీక్ కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. నీటిని అణిచే పల్స్ పెడితే మీ హెచ్-1 కూడా దాంతోపాటే పోతుంది. శాంపిల్‌ని 60 డిగ్రీల దగ్గర రన్ చేయించండి, నీటి పీక్ 4.4 వైపు జరుగుతుంది, మీది బయటపడుతుంది.

#6 – మూలిక_చదువరి

నేను ల్యాబ్ మనిషిని కాదు, ఔషధ మొక్కల గురించి ఆసక్తితో చదువుతుంటాను. ఒక సందేహం. ఎసిటైల్ పోతే ఏమవుతుంది? గొలుసు అదే కదా, మందుగా పనిచేయడంలో తేడా ఉంటుందా?

#7 – పాత_బెంచి

మంచి ప్రశ్న అడిగారు. మొదటి తేడా మీరు పైన చూశారు, కరగని పదార్థంగా మారిపోయింది. చిక్కదనం మారుతుంది, ఎంజైములు దాన్ని ఎంత సులువుగా కోస్తాయన్నది మారుతుంది, కణం మీది గ్రాహకం దాన్ని గుర్తుపట్టే తీరు కూడా మారవచ్చు. అందుకే కలబంద మన్నాన్ నాణ్యత చూసేవాళ్లు చక్కెరల నిష్పత్తితోపాటు ఎసిటైల్ ఎంత మిగిలిందో కూడా చూస్తారు. ఆకు కోశాక ఆలస్యం చేసినా, ఎక్కువ వేడి మీద ఆరబెట్టినా అది తగ్గుతుంది.

ఇంతకుమించి మాట్లాడాలంటే నాకు భయం. రోగనిరోధక కణాల మీద పెట్టిన పరీక్షల్లో "పాలీశాకరైడ్ పనిచేసింది" అని రాసినవాటిలో చాలాచోట్ల ఎండోటాక్సిన్ కొలిచారో లేదో కనబడదు. బాక్టీరియా పైపొర నుంచి వచ్చే ఆ పదార్థం అతి కొద్దిగా ఉన్నా మాక్రోఫేజ్‌లు రెచ్చిపోతాయి, దానికీ మొక్కకీ ఏ సంబంధం ఉండదు. ఎండోటాక్సిన్ పరీక్ష, పాలిమిక్సిన్-బి (ఎండోటాక్సిన్‌ను అడ్డుకునే మందు) కంట్రోల్ లేని ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

#8 – జెల్_ఫిల్టర్

మిథైలేషన్ గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతాను. ఎలా చేశారు? పొడి సోడియం హైడ్రాక్సైడ్, డీఎంఎస్ఓ, మిథైల్ అయోడైడ్ పద్ధతే అయితే (1984లో సియుకాను, కెరెక్ చెప్పింది), అది కూడా క్షారమే కదా. అంటే మీరు తీసిన శాంపిల్ ఎంత చక్కగా ఉన్నా, మిథైలేషన్‌లో ఎసిటైల్ పోయి తీరుతుంది. ఎసిటైల్ ఏ కార్బన్ మీద ఉందో ఆ పద్ధతి ఎప్పటికీ చెప్పదు. చక్కెరలు ఎక్కడ ముడిపడ్డాయో చెబుతుంది, అంతవరకే.

రెండు విషయాలు సరిచూసుకోండి.

మన్నోజ్, గ్లూకోజ్, గెలాక్టోజ్ మూడూ హెక్సోజులే. ఒకే స్థానంలో ముడిపడితే మాస్ స్పెక్ట్రం ముక్కలు ఒకేలా ఉంటాయి. 1→4 అయితే 118, 233 వస్తాయి, అది ఏ చక్కెర అన్నది మాత్రం రిటెన్షన్ టైమే చెప్పాలి. స్టాండర్డ్స్ రన్ చేయకుండా లైబ్రరీ మ్యాచ్ చూసి "మన్నోజ్" అని రాసి ఉంటే మళ్లీ చేయాలి.

రెండోది కొమ్మల లెక్క. గొలుసు ఎన్నిచోట్ల చీలితే అన్ని చివర్లు ఉండాలి, అసలు గొలుసు చివర ఇంకొకటి. మీ పట్టికలో కొమ్మ చక్కెరలు చివరి చక్కెరల కంటే చాలా ఎక్కువగా ఉంటే అవి నిజమైన కొమ్మలు కావు, మిథైల్ సరిగా ఎక్కని చోట్లు. శాంపిల్ డీఎంఎస్ఓలో పూర్తిగా కరగకపోతే జరిగేది ఇదే. మిథైలేషన్ అయ్యాక ఐఆర్ తీసి 3400 దగ్గర ఓహెచ్ పట్టీ పోయిందో లేదో చూడండి, పోకపోతే మళ్లీ మిథైలేట్ చేయండి. నేను మూడుసార్లు చేసిన రోజులున్నాయి.

#9 – మూడో_ఏడాది

జెల్_ఫిల్టర్ గారూ, పట్టిక చూశాను. 4,6 చోట్ల ముడిపడ్డ మన్నోజ్ చివర్ల కంటే దాదాపు మూడు రెట్లు ఉంది. దాన్ని "కొమ్మలు ఎక్కువున్న నిర్మాణం" అని రాసి పెట్టుకున్నాను. ఐఆర్ తీయలేదు. తీస్తాను.

మళ్లీ మొదటి నుంచి చేస్తాను. ప్రోటీన్ తీయడానికి క్షారం బదులు ఏం వాడాలి?

#10 – పాత_బెంచి

సెవాగ్ పద్ధతి చాలు. క్లోరోఫాం, బ్యూటనాల్ 4:1 కలిపి గట్టిగా ఊపి సెంట్రిఫ్యూజ్ చేస్తే రెండు పొరల మధ్య తెల్లటి పొరగా ప్రోటీన్ నిలుస్తుంది. ఆ పొర రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ చేయండి. కొంచెం ఓపిక కావాలి, శాంపిల్ కొంత పోతుంది కూడా. ప్రోటియేజ్ వాడినా మంచిదే, దాని పీహెచ్ 7 దాటనివ్వకండి. పీహెచ్ పెరిగితే ఎసిటైల్ ఊడకపోయినా పక్క కార్బన్ మీదికి జరుగుతుంది, రెండో స్థానంలోది మూడో స్థానానికి పోతుంది. అప్పుడు మీరు చెప్పే స్థానాలు మొక్కలోవి కావు, బీకర్లో పుట్టినవి.

ఆకు కోసిన వెంటనే పని మొదలుపెట్టండి. జెల్ బయటపడ్డాక ఎంజైములు, బాక్టీరియా రెండూ మన్నాన్‌ను కోస్తాయి. మొదటి ఎన్ఎంఆర్‌ని డయాలసిస్ చేయని జెల్ మీదే తీస్తే అది కూడా తెలుస్తుంది. తాజా జెల్‌లో మాలిక్ ఆమ్లం కనబడుతుంది. 1.3 దగ్గర లాక్టిక్ ఆమ్లం డబ్లెట్ పెరిగిందంటే బాక్టీరియా మొదలుపెట్టేసిందని అర్థం.

#11 – వేరు_దుంప

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నాది కూడా మన్నోజ్ గొడవే. శతావరి వేర్ల పాలీశాకరైడ్ చేస్తున్నాను. ఆల్డిటాల్ ఎసిటేట్ పద్ధతిలో గ్లూకోజ్, మన్నోజ్ రెండూ వచ్చాయి. గ్లూకోమన్నాన్ అనుకున్నాను. అదే శాంపిల్‌ని పీఎంపీతో (చక్కెరలు కనబడేలా వాటికి అంటించే రసాయనం) హెచ్‌పీఎల్‌సీలో పెడితే మన్నోజ్ దాదాపు లేదు. ఏది నమ్మాలి?

#12 – జెల్_ఫిల్టర్

శతావరి వేర్లలో ఫ్రక్టాన్ ఉంటుంది, అంటే ఫ్రక్టోజ్ గొలుసు. ఆల్డిటాల్ ఎసిటేట్ పద్ధతిలో బోరోహైడ్రైడ్‌తో రెడ్యూస్ చేస్తారు కదా. ఫ్రక్టోజ్ కీటోజ్ కాబట్టి రెండో కార్బన్ రెండు వైపులా తిరగవచ్చు, సగం గ్లూసిటాల్, సగం మన్నిటాల్ అవుతుంది. జీసీలో అవి గ్లూకోజ్, మన్నోజ్ పేర్లతో వస్తాయి. మీ మన్నోజ్ అక్కడి నుంచి వచ్చింది. పీఎంపీ కీటోజులతో కలవదు, అందుకే రెండో పద్ధతిలో కనబడలేదు. పైగా 121 డిగ్రీల టీఎఫ్ఏలో ఫ్రక్టోజ్ చాలావరకు నాశనమైపోతుంది, కాబట్టి ఎంత ఉందో ఆ రెండు పద్ధతులూ చెప్పలేవు. మెత్తటి ఆమ్లంతో, తక్కువ వేడిలో హైడ్రాలిసిస్ చేసి ఫ్రక్టోజ్‌ని విడిగా కొలవండి. ఇనులినేజ్ ఎంజైమ్ దొరికితే ఇంకా మంచిది.

మిగతాది కొత్త చర్చగా పెట్టండి, అక్కడికి వస్తాను.

#13 – మూడో_ఏడాది

ఐదు వారాల తర్వాత వస్తున్నాను. ముందుగా అందరికీ కృతజ్ఞతలు.

క్షారం పూర్తిగా మానేశాను. కోసిన గంటలోపు ఇథనాల్‌లో వేశాను. సెవాగ్ ఆరుసార్లు చేశాను, ఏడోసారి మధ్య పొర రాలేదు. డయాలసిస్ ట్యూబ్ మూడో రోజు కూడా తేటగా ఉంది. ఫ్రీజ్ డ్రై చేశాక దూదిలాగా తేలిగ్గా వచ్చింది, నీళ్లలో వేస్తే ముందు ఉబ్బి తర్వాత జిగురుగా కరిగింది. ఐఆర్‌లో 1740, 1250 రెండూ గట్టిగా ఉన్నాయి. ఎన్ఎంఆర్‌లో 2.0 నుంచి 2.25 దాకా ఎసిటైల్ పీకులు గుంపుగా వచ్చాయి. ఆ కాగితం చేతిలోకి వచ్చినప్పుడు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

కొత్త మిథైలేషన్‌లో ఓహెచ్ పట్టీ రెండోసారికి పోయింది. ఇప్పుడు కొమ్మలు, చివర్లు దాదాపు సరిపోతున్నాయి. అంటే పాత కొమ్మల్లో ఎక్కువ భాగం లేనివే. కార్బన్-హైడ్రోజన్ కప్లింగ్ 160 వచ్చింది, బీటా.

కొత్త భయం ఒకటి. 5.4 దగ్గర స్పష్టమైన పీక్ ఉంది. అది ఆల్ఫా 1→4 గ్లూకోజ్ హెచ్-1 చోటు కదా? నా శాంపిల్‌లో స్టార్చ్ కలిసిందా? అయోడిన్ వేస్తే నీలం రాలేదు.

#14 – క్రాస్_పీక్

ముందు అయోడిన్ సంగతి. నీలం రాలేదంటే పొడవైన అమైలోజ్ గొలుసులు లేవని మాత్రమే అర్థం. పొట్టి ముక్కలు అయోడిన్‌తో రంగు ఇవ్వవు. అమ్మకానికి వచ్చే కలబంద పొడుల్లో మాల్టోడెక్స్ట్రిన్ కలపడం తెలిసిన మోసమే, అది కూడా ఈ పరీక్షకి చిక్కదు. మీరు ఆకు మీరే కోశారు కాబట్టి ఆ అనుమానం లేదు. తొక్క దగ్గరి పచ్చ భాగం కొంత కలిసి ఉంటే మాత్రం స్టార్చ్ రావచ్చు.

ఇక 5.4. ఆ చోటికి ఇద్దరు హక్కుదారులున్నారు. ఒకటి మీరన్న ఆల్ఫా గ్లూకోజ్ హెచ్-1. రెండోది, రెండో కార్బన్ మీద ఎసిటైల్ ఉన్న మన్నోజ్ హెచ్-2. ఎసిటైల్ పక్కనున్న హైడ్రోజన్ మామూలు చోటు నుంచి 1 పీపీఎమ్‌కి పైగా పెద్ద అంకె వైపు జరుగుతుంది, 4.1 దగ్గర ఉండాల్సింది 5.4, 5.5కి వస్తుంది. ఒక డైమెన్షన్ స్పెక్ట్రంలో ఈ రెండింటినీ విడదీయలేరు.

హెచ్ఎస్‌క్యూసీలో 5.4 గీత వెంట పైకి వెళ్లి కార్బన్ ఎక్కడుందో చూడండి. 100 దగ్గర ఉంటే అది ఎనోమెరిక్ (మొదటి) కార్బన్, అంటే గ్లూకోజ్. 72, 73 దగ్గర ఉంటే ఎసిటైల్ పక్కనున్న హెచ్-2. అలాగే 5.1 దగ్గర క్రాస్ పీక్ కార్బన్ 74 వైపు ఉంటే మూడో స్థానం ఎసిటైల్.

#15 – మూడో_ఏడాది

ఇప్పుడే చూశాను. 5.4 మీద రెండు చుక్కలున్నాయి! పెద్దది 72.6 దగ్గర, చిన్నది 100.4 దగ్గర. ఇన్నాళ్లూ పెద్ద చుక్క మాత్రమే చూస్తూ, అది ఎనోమెరిక్ ప్రాంతంలో లేదేంటని తల పట్టుకున్నాను. చిన్నదాన్ని నాయిస్ అనుకున్నాను.

అంటే రెండూ ఉన్నట్టేనా?

#16 – క్రాస్_పీక్

రెండూ ఉన్నట్టే. ఎక్కువ భాగం ఎసిటైల్ మన్నోజ్, కొద్దిగా ఆల్ఫా గ్లూకాన్. ఆల్ఫా అమైలేజ్, అమైలోగ్లూకోసిడేజ్ రెండూ పెట్టి, డయాలసిస్ చేసి మళ్లీ తీయండి. చిన్న చుక్క పోతే అది స్టార్చే. చక్కెరల పట్టికలో గ్లూకోజ్ కూడా దానికి తగ్గట్టు తగ్గాలి. తగ్గాక మిగిలిన గ్లూకోజే మన్నాన్ గొలుసులోది కావచ్చు. మీ మన్నోజ్-గ్లూకోజ్ నిష్పత్తి ఇప్పటిదాకా తప్పుగా ఉందన్నమాట. ఆ ఎంజైముల్ని పీహెచ్ 7 దాటకుండానే పనిచేయించవచ్చు కాబట్టి ఎసిటైల్‌కి పెద్ద ప్రమాదం లేదు.

#17 – జెల్_ఫిల్టర్

ఎంజైమ్ అయ్యాక జెల్ కాలమ్ మీద కూడా పెట్టండి. ఒకే పీక్ వచ్చినా "శుద్ధమైన ఒకే పాలీశాకరైడ్" అని రాయకండి. సైజు ఒకేలా ఉన్న రెండు వేర్వేరు గొలుసులు ఒకే పీక్‌గా వస్తాయి. అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్ మీద కూడా ఒకటే ముక్కగా వస్తే అప్పుడు కొంత ధైర్యం చేయవచ్చు. కలబందలో పెక్టిన్ కూడా ఉంటుంది, అది ఆమ్ల చక్కెరల వల్ల ఆ కాలమ్‌కి పట్టుకుని విడిపోతుంది.

అణుభారానికి డెక్స్‌ట్రాన్ స్టాండర్డ్స్ గీత మీద వచ్చిన అంకెని అసలు అణుభారంగా చెప్పకండి. డెక్స్‌ట్రాన్ గొలుసు వేరు, మన్నాన్ గొలుసు వేరు, నీళ్లలో పరుచుకునే తీరు వేరు. లైట్ స్కాటరింగ్ డిటెక్టర్ దొరికితే దాంతో తీయించండి.

#18 – పాత_బెంచి

ఎసిటైల్ ఎంతుందో కూడా అంకె ఇవ్వండి. ఎన్ఎంఆర్‌లో ఎసిటైల్ వైశాల్యాన్ని 3తో భాగించి, చక్కెర హైడ్రోజన్లతో పోల్చండి. 1.9 దగ్గర సన్నగా, సూదిలా నిలిచే పీక్ ఉంటే అది విడిపోయిన ఎసిటేట్, దాన్ని కలపకండి. పాలిమర్ మీదున్న ఎసిటైల్ పీకులు వెడల్పుగా ఉంటాయి. హైడ్రాక్సిలమీన్, ఫెర్రిక్ క్లోరైడ్ రంగు పద్ధతి (540 నానోమీటర్లు) కూడా చేసి రెండూ సరిపోతున్నాయో చూడండి.

థీసిస్‌లో నిర్మాణం బొమ్మ గీసేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. పత్రికల్లో పది, పన్నెండు చక్కెరలతో బ్రాకెట్ పెట్టి కింద n రాసిన "రిపీట్ యూనిట్" బొమ్మలు కనబడతాయి. మొక్క మన్నాన్‌కి అలాంటి కచ్చితమైన మళ్లీ మళ్లీ వచ్చే ముక్క ఉందని మీ డేటా చూపదు. మిథైలేషన్ సగటులు ఇస్తుంది, ఎసిటైల్ ఎక్కడెక్కడ పడిందో సగటే వస్తుంది. బీటా 1→4 వెన్నెముక, 2, 3, 6 స్థానాల్లో ఎసిటైల్, ఆరో స్థానంలో అక్కడక్కడా గెలాక్టోజ్ అని మాటల్లో రాసి, ఒక్కోదానికి ఏ పరీక్ష ఆధారమో పక్కన పెట్టండి. గెలాక్టోజ్ ఎక్కడుందో చెప్పేముందు హెచ్ఎంబీసీలో (బంధాల అవతలి కార్బన్‌ని కూడా చూపే ఎన్ఎంఆర్) ఆ బంధం దాటిన క్రాస్ పీక్ చూపండి.

మీ గైడ్‌కి పాత శాంపిల్, కొత్త శాంపిల్ రెండు ఎన్ఎంఆర్‌లూ పక్కపక్కన పెట్టి చూపించండి. చెప్పాల్సింది వాటిలోనే ఉంది.

#19 – మూడో_ఏడాది

చూపించాను సర్. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ల్యాబ్ ప్రోటోకాల్ ఫైల్ తెప్పించి ఆ పేజీ మీద "ఎస్టర్లున్న శాంపిళ్లకి వాడకూడదు" అని ఎర్ర సిరాతో రాశారు. నాతోపాటు ఇంకో ఇద్దరు అదే పేజీ వాడుతున్నారు, వాళ్ల శాంపిళ్లు కూడా మళ్లీ తీస్తున్నాం.

అమైలేజ్ రాత్రికి పెడుతున్నాను. ఎన్ఎంఆర్ స్లాట్ గురువారం దొరికింది. స్పెక్ట్రం రాగానే ఇక్కడే పెడతాను.